వేకువ గంట జీతం

సోమవారం. పడమటి గాలి. అల తక్కువ.

చీటీల్లో నా పేరొచ్చింది. ఈ ఏడాది ఈవో జీతం తూచాల్సింది నేనే.

తేలులంకలో ఇదీ ఒక వంతు పనే. లంకని నీళ్లమీద తేల్చే పీపాల అడుగున గుల్లలు గోకడం, వాన తొట్లు కడగడం ఎలాగో ఇదీ అలాగే. సభ తీర్మానిస్తుంది, ఈవో చేసిపెడుతుంది. ఆ చేసిపెట్టే మనిషికి ఎంతివ్వాలో సభ చెప్పకూడదు, ఆ మనిషీ చెప్పకూడదు. చీటీలో వచ్చిన ఎవరో ఒకరు వారంపాటు చూసి, తూచి చెప్పాలి. చూసింది చూసినట్టు రోజూ రాయాలి. నేను బడికెళ్లలేదు. గ్రంథం మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని. ఏం రాసినా ప్రసంగంలా వస్తుంది. ముప్పయ్యేళ్లుగా చేస్తున్నది అదే, ఇంకోలా రాదు.

చీటీ విప్పిన సభాధ్యక్షుడు సూర్యచక్రం గారు పేరు చదివి పకపకా నవ్వారు. "సత్యవేదమ్మ గారా! ఇంకేవుందండి, ఈవో గారి పని అయిపోయినట్టే."

ఆయన నవ్వుకి కారణం నిన్నటి ఆదివారం ప్రసంగం. మంచి కాపరికీ జీతగాడికీ తేడా చెప్పాను. తోడేలు కనబడగానే మందనొదిలి పరుగెత్తేవాడు జీతగాడు. "మన ఈవో రెండు వంతుల నీళ్లు తాగుతుంది, మొదటి వార్డులో నీడపట్టున ఉంటుంది, ఇప్పుడింకా కావాలంటోంది. ఇది కాపరా? జీతగాడా?" అని బల్ల గుద్దాను. ప్రార్థన పాకంతా స్తోత్రమంది. నా గొంతు పదకొండు వార్డులూ దాటి అవతలి అంచు దాకా వెళ్లిందట. ఇంటికొచ్చేసరికి చెయ్యి వాచింది. వేడి ఉప్పునీళ్లలో ముంచుకుని, దీపం పెట్టుకోవడానికి కూడా లేవలేక అలాగే కూర్చున్నాను. ఈమధ్య అంతే. జనం ముందు మండుతున్నాను, ఇంట్లో బూడిదలా కూలబడుతున్నాను.

ఈవో పేరు నూకరత్నం. పదేళ్లు దాటింది ఆవిడ ఆ పనిలోకి వచ్చి. ఆవిడ అడిగినది సూర్యచక్రం గారు చదివి వినిపించారు. రెండో వంతు నీళ్లు తనకొద్దట. వాటిని రాత్రి కాపలావాళ్లకిచ్చి, వేకువ నాలుగు నుంచి అయిదు దాకా కూడా చెవి వాళ్ల దగ్గరే ఉంచాలట. ఆ గంట తనకి కావాలట. కుదరకపోతే నెలాఖరుకి చెవి తీసి సభ బల్లమీద పెట్టేస్తానంది.

చెవి అంటే గవ్వంత వస్తువు. కుడిచెవి వెనక అతుక్కుంటుంది. ఇక్కడ ప్రతి కప్పు కిందా ఒక గొట్టం వేలాడుతుంది. ఎవరైనా "మొర" అనగానే దానిమీద పచ్చదీపం వెలిగి తెరుచుకుంటుంది, చెప్పిందంతా ఆ చెవిలో మోగుతుంది. రాత్రి కాపలావాళ్లు పెట్టుకుంటారు. వేకువ నాలుగు నుంచి మళ్లీ రాత్రయ్యేదాకా ఈవోదే.

"గంటేముందండి, ఇవ్వొచ్చు," అన్నారు సూర్యచక్రం గారు, నన్ను పడవ దాకా సాగనంపుతూ. "కానీ ఇవాళ ఒకటిస్తే రేపు రెండంటారు. ఇవ్వకపోతే పోతారు. పోతే ఇంకోరు రారు. పోయినసారి పిలుపిస్తే ఒక్కరొచ్చారా? మొరలు వినే పాత యంత్రం గోదాంలోనే ఉందండి. దుమ్ము తుడిస్తే చాలు. నీళ్లు తాగదు, అలిగి కూర్చోదు."

నేను పడవెక్కాను. ఒకప్పుడు మనకి పన్నెండు వార్డులు. ఆ యంత్రం ఉన్న రోజుల్లో ఒకటి తెగిపోయి నీట మునిగింది. అది ఆయన అనలేదు, నేనూ అనలేదు.


మంగళవారం. అల పెరిగింది.

గుల్లలు గోకే వంతు మాది. నడుం దాకా నీళ్లలో నిలబడి, పీపాల అడుగున చెయ్యి పెట్టి కత్తితో గీకాలి. దీనమ్మత్త నీళ్లలో దిగలేదు కాబట్టి అంచున కూర్చుని, గీకిన గుల్లలు బుట్టలోకెత్తుతూ నాకు బుద్ధి చెబుతుంది.

"గంటే కదే అమ్మాయ్. ఇచ్చెయ్యరాదా?"

"నీళ్లొదిలేసి పని తగ్గించుకుంటానంటే అది త్యాగమెలా అవుద్దత్తా? కాపరికి గంట సెలవుంటుందా?"

"కాపరి పడుకోడేంటి? నువ్వు పడుకోవా?"

"నేను కాపరిని కాదు."

"మరి ఆదివారం ఆ గుద్దుడేంటి? బల్ల ఇరిగితే నువ్విస్తావా?"

ఆవిడతో వాదించలేం. మునిగిన పన్నెండో వార్డులో ఆవిడ కూతురు కరుణ ఉండేది. ఆ వార్డుని లంకకి కలిపే ఇనుప కీలు కీచుమంటోందని కరుణ యంత్రానికి చెప్పింది. మళ్లీ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ యంత్రం దాన్ని "వచ్చిన ఫిర్యాదే మళ్లీ వచ్చింది" అని అడుగుకి తోసేసింది. తుఫాను రాత్రి కీలు తెగింది. మర్నాడు యంత్రాన్ని దింపేశారు. ఇకమీదట మనిషి చెవే వినాలని, పగలు అది ఈవో చెవే కావాలని లంకంతా ఒట్టేసుకుంది. ఇక్కడి జీతం కథ అక్కడ మొదలైంది. జీతగాళ్ల గురించి అన్ని ప్రసంగాలు చేసినదాన్ని, ఆ సంగతి ఒక్కసారీ ప్రసంగంలో చెప్పలేదని ఇవాళ గుల్లలు గోకుతుంటే తట్టింది.

మధ్యాహ్నం ఈవో తనే పడవ తోసుకుంటూ వచ్చింది. సన్నటి మనిషి. మాట్లాడుతున్నప్పుడు తల కొంచెం కుడివైపు వాలుతుంది. చెవిలో ఎవరో చెబుతూనే ఉంటారు కాబోలు.

"సత్యవేదమ్మ గారూ, జీతం తూచే మనిషి ఒకరోజు చెవి పెట్టుకోవాలని నిబంధన ఉందండి. ఇన్నేళ్లూ అందరూ అక్కర్లేదని సంతకం పెట్టి వదిలేశారు. మీరు పెట్టుకోండి."

"నాకు తెలియనిదేముంది అందులో?"

"పెట్టుకుంటే మీరే చెబుతారండి. రేపు వేకువ నాలుగు నుంచి."

"ఆ వేళకి నాకు ప్రార్థన."

"తెలుసండి. రేపొక్కరోజుకి దీనమ్మ గారు నడిపిస్తారేమో."

నేను నోరు తెరిచేలోపు అంచు మీంచి జవాబొచ్చింది. "నడిపిత్తానమ్మా. ఈవిడకంటే బాగానే నడిపిత్తాను. బల్లకి కూడా కాస్త సుఖం."


బుధవారం. గాలి లేదు.

ఈవో ఇంటి వసారా. నీడపట్టు అని నేనరిచిన చోటు ఇదే. రెండు రేకులు, ఒక తడిక. ఆవిడ నా చెవి వెనక ఆ గవ్వని అతికించి, ఎదురుగా కూర్చుని తొట్లోంచి కోసిన బచ్చలి ఆకు తుంచుకుంటోంది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత టిక్కుమంది. దీనమ్మత్త గొంతు. "తండ్రీ, మా మొర విను."

నీళ్ల మీదుగా వస్తోందనుకున్నాను. కానీ గాలి లేదు, మా పాక ఆ చివరెక్కడో ఉంది. గొంతేమో నా చెవిలో, అత్త నా పక్కనే కూర్చున్నంత దగ్గరగా. తర్వాత ఒక్కొక్కళ్లూ అందుకున్నారు. మా వాళ్లందరూ. ఎవరి దగ్గు ఎవరిదో గుర్తుపట్టగలను. మొర విను, మొర విను. ప్రతి మొరకీ ఆ గవ్వ టిక్కుమంటోంది.

"ఇది మా పాక కదండీ?" అన్నాను.

"ఆయ్, మీ పాకేనండి."

"మీకెందుకు వినబడుతోంది?"

"మీరు పిలుస్తున్నారు కదండి."

ఆకు తుంచుతూనే చెప్పింది. యంత్రాన్ని దింపేసినప్పుడు గొట్టం తెరుచుకోవడానికి ఒక మాట కావాల్సొచ్చింది. "కష్టం" అని పెడితే ఈ ఊళ్లో గొట్టాలు మూసుకోనే మూసుకోవు. మామూలుగా నోట్లోంచి జారని మాట కావాలి. "మొర" అని ఈ కాలంలో ఎవరంటారులే అని పెద్దలు ఏరి ఏరి దాన్ని పెట్టారు. ఆ పెద్దల్లో ఒక్కరూ ప్రార్థన పాక మెట్టెక్కినవాళ్లు కాదు. మేం ఊపిరి తీసుకున్నట్టు ఆ మాటంటామని వాళ్లకెలా తెలుస్తుంది?

మా పాకలో గొట్టానికి తెల్లగుడ్డ చుట్టింది నేనే. వాక్యం చెప్పే బల్ల పైన లోకసంబంధమైన వస్తువు కనబడకూడదని. దాని కొక్కేనికి నా సంచి తగిలిస్తాను. గుడ్డ కింద పచ్చదీపం వెలుగుతున్నా ఎవరికీ కనబడలేదు.

పోయిన వానల్లో దీనమ్మత్త కప్పు కారుతోందని ప్రార్థించాం, మూడోనాటికి రేకు వచ్చింది. సాక్ష్యం చెప్పుకున్నాం. పసిబిడ్డకి జ్వరమందు కోసం ప్రార్థించాం, ఒడ్డు నుంచి పడవ వచ్చింది. దానిమీద పాట కూడా కట్టుకున్నాం.

"అవన్నీ మీరేనా?"

"రేకు నేనేనండి. మందు కూడా." ఇంకో కాడ అందుకుంది. "మూడో వార్డు అమ్మాయికి సుఖంగా కాన్పవడం మాత్రం నాకేం సంబంధం లేదండోయ్."

నవ్వు రాలేదు నాకు. ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఒక వేకువ అందరూ వెళ్లిపోయాక నేనొక్కదాన్నే మోకాళ్లమీద ఉండిపోయాను. అలిసిపోయాను తండ్రీ, వీళ్ల ముందు మండలేకపోతున్నాను అని ఏడ్చాను. అంతకుముందు మొర అన్నానా? అనే ఉంటాను.

"నాది కూడా విన్నారా?"

ఆవిడ బచ్చలికాడ చివర గిల్లింది. "విన్నానండి. దానికి నా చేతిలో ఏమీ కనబడలేదు. అందుకని మీ వార్డుకి గుల్లలు గోకే వంతు ఒక వారం వెనక్కి జరిపాను."

ఆ వారం నాకు గుర్తుంది. దేవుడు నాకు విశ్రాంతినిచ్చాడని ప్రసంగం చేశాను. చివర్లో ఈవో నీళ్ల మీదకి మళ్లాను.

"ఎందుకు చెప్పలేదండీ ఇన్నాళ్లూ?"

"ఓ ఆదివారం చెబుదామనే వచ్చానండి. మీరు బల్ల గుద్దుతున్నారు. నా గురించే. వెనక్కెళ్లిపోయాను." ఇందులో దెప్పిపొడుపు లేదు. వాన పడిందని చెప్పినట్టు చెప్పింది. "తర్వాత అనిపించింది, చెబితే మీ వాళ్లు నోళ్లు మూసేసుకుంటారని. ఇంకెక్కడా చెప్పనివి అక్కడ చెబుతారండి. ఈ గంట కాపలావాళ్లకిమ్మని ఎప్పుడో అడగొచ్చు. వాళ్లు కుర్రాళ్లు. విని కల్లు దగ్గర చెప్పుకుంటారు. అందుకని నేనే ఉంచుకున్నాను. గొట్టం కోసేద్దామంటే నేరం. మాట మారుద్దామంటే లంకంతా ఓటెయ్యాలి, ఎందుకో చెప్పాలి."

"ఇప్పుడెందుకు వదులుకుంటున్నారు?"

ఆవిడ తుంచిన ఆకు ఒక పక్కకి ఎత్తుకుంది. నా చెవిలో దీనమ్మత్త మళ్లీ అందుకుంది. రోజూ చివర్లో చేసే ప్రార్థనే. నా కరుణని ఒక్కసారి చూపించు తండ్రీ, కల్లో అయినా.

ఈవోకి వినబడదు. చెవి నా దగ్గరుంది. అయినా వేళ తెలుసు కాబోలు, తలెత్తి నా మొహం చూసింది.

"కరుణ దగ్గరికొచ్చారా అండి?"

తలూపాను.

"దినమంతా జనం తిడతారండి. తిట్టు మోయొచ్చు. రేకడిగితే రేకివ్వొచ్చు. ఆవిడ రోజూ కరుణనడుగుతారు. నేనెక్కణ్ణుంచి తేను?"

అయిదు దాటాక లంక లేచింది. విన్నది విన్నట్టు పైకి ఈవోకి చెబుతున్నాను. మొర, కుళాయిలో ఉప్పు తగులుతోంది. మొర, పక్కింటాయన బాతులు మా పడవలో గుడ్లు పెడుతున్నాయి, గుడ్లెవరివి? మొర, మా ఆయన నాతో మాట్లాడ్డం లేదు, ఇది మీకు చెప్పొచ్చో లేదో తెలీదు. మొర, ఈవో దొంగ. మొర, ఏడో వార్డు కీలు కీచుమంటోంది. మొర, ఏడో వార్డు కీలు.

"ఇందాక చెప్పిందే కదా!" అని విసుక్కున్నాను.

ఈవో అప్పటికే లేచి చమురు డబ్బా తీస్తోంది. "మళ్లీ చెబితేనే ముందు వెళ్లాలండి," అంది. ఆవిడ వెనక పడవలో కూర్చున్నాను. కీలు దగ్గర ఆవిడ చమురు పోస్తుంటే చెయ్యందించాను. నా చెవిలో బాతుల మొర తిరిగొచ్చింది. ఆవిడ అడిగింది, నేను చెప్పాను. "గుడ్లు బాతులవి, పడవ వాళ్లది. సగం సగం చేసుకోమనండి," అంది చమురు తుడుచుకుంటూ.

సాయంత్రానికి మనుషుల మొహాలు చూస్తుంటే నోళ్లే కనబడ్డాయి. చెవి తీసి కాపలావాళ్లకిచ్చేసి ఇంటికొచ్చాక కూడా టిక్కుమంటూనే ఉంది.


గురువారం. మబ్బు.

వేకువ ప్రార్థనకి వెళ్లాను. తెల్లగుడ్డ వైపు చూడకుండా ఉండలేకపోయాను. జలుబని చెప్పి పాటలతో సరిపెట్టాను. దీనమ్మత్త నా వంకే చూసింది.

రోజంతా గ్రంథం ముందేసుకు కూర్చున్నాను. కరువులో ప్రవక్తకి కాకులు రొట్టె తెచ్చిన కథ నేనెన్నిసార్లు చెప్పానో. పంపినవాణ్ణి పొగిడాను. తిన్నవాడి విశ్వాసాన్ని పొగిడాను. అంత కరువులో రొట్టె ముక్కున పట్టుకుని, తను మింగకుండా ఎగిరొచ్చిన కాకి ఏం తిందో కథలో లేదు. నాకా ప్రశ్న ఎప్పుడూ రాలేదు.

ఇంకోటి కూడా ఉంది. ఎడారిలో జనాన్ని నడిపించినాయన పొద్దుపోయేదాకా కూర్చుని అందరి తగవులూ ఒక్కడే వినేవాడు. ఆయన మామగారు చూడ్డానికొచ్చి, ఇదేం పద్ధతయ్యా, నువ్వూ నలుగుతావు, వాళ్లూ నలుగుతారు, పని పంచు అన్నాడు. దేవుడు దాన్ని తప్పుపట్టలేదు. ఈ మాట నేను ప్రసంగంలో చెప్పలేదు. జీతగాడి మాట మాత్రం ఏడాదికి నాలుగుసార్లు చెప్పాను. అది చెబితే స్తోత్రాలెక్కువ పడతాయి.

సూర్యచక్రం గారు పడవ ఆపి పలకరించారు. "శనివారం కాదనేస్తారు కదండి?"

"ఇంకా తూస్తున్నాను."

"మీలాంటివాళ్లే మెత్తబడితే ఎలాగండి?" నిజంగానే దిగులుపడ్డారాయన. "యంత్రమంటే నాకేం ముద్దు కాదు. మనిషి దొరక్కపోతే ఏం చెయ్యను? పదవి నాది, మాట పడేది నేను."

చిక్కు నాకు తెలుసు. గంట ఇవ్వకపోతే ఆవిడ పోతుంది, యంత్రం వస్తుంది, మళ్లీ చెప్పినవాళ్లు మళ్లీ అడుగుకి పోతారు. గంట ఇస్తే మా వాళ్ల ఏడుపు కాపలావాళ్ల చెవిన పడుతుంది. పడకుండా ఉండాలంటే మా నోట ఆ మాట ఆగాలి. ఊరికే ఆపమంటే ఎందుకంటారు. ఎందుకో చెబితే రేకూ మందూ సాక్ష్యాలూ, కట్టుకున్న పాటా, అన్నీ ఏమవుతాయి? కొత్త భాష్యం దొరికిందనో, కల వచ్చిందనో అబద్ధం చెప్పేయొచ్చు. నమ్ముతారు. నేను బల్ల గుద్ది చెబితే ఏదైనా నమ్ముతారు.

దేవుణ్ణి అడుగుదామని మోకాళ్లూనాను. నోట్లోకి మొదటొచ్చిన మాట అదే. మింగేశాను.


శుక్రవారం. వేకువ చినుకులు.

పాటయ్యాక బల్ల ముందుకొచ్చాను. గుద్దలేదు. గొట్టం మీది తెల్లగుడ్డ విప్పేసి, సంచి దించి, "మొర" అన్నాను. పచ్చదీపం వెలిగింది.

"ఇన్నేళ్లూ మన ప్రార్థనలు ఈవో గారికి వినబడుతున్నాయి," అన్నాను. రేకు సంగతి, మందు సంగతి, నా సొంత సంగతి కూడా దాచకుండా చెప్పాను. ప్రసంగం కాదది. చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టలేదు.

ఎవరూ స్తోత్రమనలేదు. వెనకవరసలో ఒకాయన, "అయితే దేవుడు వినలేదా అమ్మగారూ?" అన్నాడు.

"విన్నాడనే నమ్ముతున్నాను. రేకు మోసుకొచ్చిందెవరో మాత్రం ఇన్నాళ్లూ తప్పు చెప్పాను."

అప్పుడు దీనమ్మత్త కర్ర ఊతతో లేచింది. "ఇందులో ఏడవడానికేవుంది? నాకు ఎప్పుడో తెలుసు."

పాకంతా అటు తిరిగింది.

"రేకేసినోడు అడిగాడు, కారేది తూర్పువైపు మూలేనా అని. నేను మూల సంగతి ప్రార్థనలో తప్ప ఇంకెక్కడా చెప్పలేదే! అప్పుడర్థమైంది. దేవుడికి ఎలా చెప్పినా వినబడుద్ది. ఆవిడకి వినబడాలంటే ఆ మాటనాలి. అందుకని గట్టిగా అనేదాన్ని. ఆవిడ పేరు కూడా కలిపేదాన్ని, నూకరత్నానికి బలమియ్యి తండ్రీ అని. ఎలాగూ వింటది కదా, ఇని సంతోషిత్తదని."

నవ్వారు జనం. వారంలో మొదటిసారి నేనూ నవ్వాను. ముప్పయ్యేళ్ల ప్రసంగాలు, ఆవిడ ముందు నేనెందుకు?

నవ్వు తగ్గాక అత్త నా దగ్గరికొచ్చింది. గొంతు దించింది. "అమ్మాయ్. కరుణ సంగతి ఆ మాటనకుండానే చెప్పుకునేదాన్నే, అదీ ఆవిడికి వినబడేదా?"

"రోజూ అత్తా."

ఆవిడ మొహం నలిగిపోయింది. "అది ఆవిడికి చెప్పింది కాదే. ఆయనకి చెప్పింది. అయ్యో, పిచ్చితల్లి. రోజూనా?"

ఆ మాట మానేద్దామనుకున్నాం. "మనవి" అందామన్నాను. "మనవి అంటే సభకి కాయితం పెట్టుకున్నట్టుంది," అని ఒకరు గొణిగారు. అలవాటవుతుందన్నాను. రేకులూ కుళాయిలూ పగలు, గొట్టంలో. మిగతావి వేకువ, పాకలో.


శనివారం. ఎండ.

సభలో నా తీర్పు చదివాను. ఇక్కడా అదే రాస్తున్నాను.

ఈవో పని ఏమిటో మనకి తెలియదు. చేస్తుందనుకున్నాం, తీరుస్తుందనుకున్నాం. అవి చేతులున్నవాళ్లెవరైనా చేస్తారు. ఆవిడ అసలు పని వినడం. వినడమే పనైనప్పుడు వినకుండా ఉండటమే జీతం. నీళ్లతో తీరే అలుపు కాదది. వేకువ గంట ఆవిడకివ్వాలి. రెండో వంతు నీళ్లు కాపలావాళ్లకివ్వాలి.

సూర్యచక్రం గారు లేచారు. "పగలు ఈవో చెవే వినాలని ఒట్టు కదండి?"

"పగలు కదా. వేకువ నాలుగు పగలని ఎవరన్నారండి? మీరెప్పుడైనా లేచి చూశారా?"

సభ గొల్లుమంది. ఆయన కూడా నవ్వాపుకుంటూ కూర్చున్నారు. తూచిన మనిషి మాట కొట్టేసే హక్కు సభకి లేదు. అయినా ఒకాయన వెనక నుంచి అరిచాడు. "మొన్న జీతగాడన్నారు, ఇవాళ గంటిచ్చారు. ఏ మాట నమ్మమంటారమ్మా?"

"ఇవాళ్టిది," అన్నాను. "మొన్న చెవి పెట్టుకోలేదు."

ఈవో నా వంక చూడలేదు. తల కుడివైపు వాలి ఉంది. ఎవరిదో కుళాయి.


ఆదివారం. గాలి తిరిగింది.

నిబంధన ప్రకారం నిన్నటితో రాయడం అయిపోయింది. ఈ ఒక్కరోజు నా అంతట నేను రాస్తున్నాను.

వేకువ ప్రార్థన మొదలైంది. అందరూ మనవి, మనవి అని తడబడుతున్నారు, కొత్త చెప్పులేసుకున్నవాళ్లలా. వెనక చాప మీద ఎవరో వచ్చి కూర్చున్నారు. తిరిగి చూస్తే నూకరత్నం గారు. చెవి వెనక గవ్వ లేదు. అది ఉండే చోట చర్మం తెల్లగా, తడిలో నానినట్టుంది.

"పడుకోలేదా అండి?" అన్నాను.

"నిద్రపట్టలేదండి. ఈ వేళకి మీ గొంతులు అలవాటు." సిగ్గుపడింది. "మీ దేవుడు నాకు తెలీదు. ఊరికే కూర్చుంటాను."

"ఇక్కడ కూర్చున్నవాళ్లు ఏదో ఒకటి చెప్పాలమ్మా," అంది దీనమ్మత్త. "అది మా పద్ధతి."

ఆవిడ అటూ ఇటూ చూసింది. చాపమీద ఈనె పీకింది. "చెప్పడం రాదండి నాకు. ఇంట్లో గొట్టం ముందు ఒకసారి ప్రయత్నించాను. నా గొంతే నా చెవిలో మోగింది. ఇన్నేళ్లలో నా మొర..."

గొట్టం మీద పచ్చదీపం వెలిగింది.

"హుష్!" అంది దీనమ్మత్త. "ఆ మాటనకమ్మా! కాపలావోడు ఇంటాడు!"

పాకంతా ఊపిరి బిగపట్టింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఎవరూ మాట్లాడకపోతే గొట్టం దానంతటదే మూసుకుంటుంది. అందరం దీపం వంక చూస్తూ కూర్చున్నాం. ఇంతమంది ఒకచోట చేరి నోరు మెదపకుండా ఉండటం ఈ పాకలో అదే మొదలు. నేను కూడా. ఎంత హాయిగా ఉందో.

దీపం ఆరింది.

నూకరత్నం గారు అత్త వైపు జరిగి, ఆవిడ చెవిలో చెప్పింది. చాలాసేపు చెప్పింది. ఏం చెప్పిందో నాకు వినబడలేదు, నేనడగలేదు. అత్త ఒక్కమాట కూడా అనలేదు. మధ్యలో ఆపలేదు, ఓదార్చలేదు. అంతా అయ్యాక కర్ర పక్కన పెట్టి, నూకరత్నం గారి కాళ్లు రెండూ తన ఒళ్లోకి లాక్కుని ఒత్తసాగింది.